ఇంటి సోదాకు పంచనామా ఉంది, ఫోన్ సోదాకు ఏదీ?



మన ఊళ్లలో ఫోన్ మాట్లాడాలంటే ఏం చేస్తామో మీకు తెలుసు. గుట్టెక్కుతాం. సిగ్నల్ దొరికే చెట్టు ఊరికొకటి ఉంటుంది, దాని కింద నిలబడి గట్టిగా అరుస్తూ మాట్లాడతాం. పురిటి నొప్పులొచ్చిన ఆడబిడ్డ కోసం 108కి చేద్దామంటే లైన్ కలవదు. కానీ అదే చెట్టు కింద పోడు భూమి గురించి మాట్లాడితే ఆ మాట ఎక్కడెక్కడికి పోతుందో మనకు తెల్వదు.

మా వైపు జరిగిందే చెప్తా. ఒక తమ్ముడు పోడు పట్టాల మీద మీటింగ్ పెడదామని నలుగురికి ఫోన్ చేశాడు. మర్నాడు పొద్దున్నే అతన్ని పిలిపించి, "ఆదివారం మీటింగ్‌కి ఎవరెవరు వస్తున్నర్రా?" అని అడిగారు. ఆదివారం అన్న మాట ఫోన్‌లో తప్ప ఎక్కడా అనలేదని అతను ఒట్టేసి చెప్తాడు. ఫోన్ విన్నారా? ఆ నలుగురిలో ఎవరైనా చెప్పారా? ఈ రోజుకీ మాకు తెల్వదు. అప్పట్నుంచి ఆ నలుగురూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. మీటింగ్ జరగలేదు.

మన ఫోన్లు వింటున్నారని నేను అనడం లేదు. వింటున్నారో లేదో తెలుసుకునే దారే చట్టం మనకు ఇవ్వలేదు అంటున్నా. అసలు గొడవ అదే.

ఎవరి కోసం పెట్టిన చెవి?

2024 మార్చి నుంచి తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు నడుస్తోంది. టీవీల్లో రోజూ చూశాం. నాయకుల ఫోన్లు విన్నారట, వ్యాపారుల ఫోన్లు విన్నారట, విలేకరులవి, జడ్జిలవి కూడా విన్నారట. 2023 డిసెంబర్‌లో ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని కేసు. అవన్నీ ఆరోపణలు. ఎవరు దోషో కోర్టు తేల్చాలి, మనం తేల్చొద్దు.

మనం పట్టించుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ కేసులో వినబడ్డ విభాగం పేరు స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో. ఆ విభాగం ఎందుకు పుట్టింది? మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి. అంటే ఏ ప్రాంతం మీద? ములుగు, ఏటూరునాగారం, భద్రాచలం, ఆసిఫాబాద్ అడవుల మీద. నాయకుల నంబర్లు కూడా మావోయిస్టు సానుభూతిపరులన్న ముసుగులో జాబితాలో పెట్టారని పత్రికలు రాశాయి. అది నిజమో కాదో తేలాలి. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. అబద్ధంగా ఆ పేరు తగిలించి పెద్దపెద్దోళ్ల ఫోన్లే వినగలిగారంటే, ఆ పేరు ఎప్పుడూ మెడకు వేలాడుతుండే కోయ పిల్లగాడి సంగతేంది? గోండు సర్పంచ్ సంగతేంది? నాయకుడి ఫోన్ వింటే కుంభకోణం. మన ఫోన్ వింటే డ్యూటీ. ఇన్నేండ్లూ ఆ చెవి అడవి వైపు తిరిగి ఉన్నప్పుడు ఏ టీవీ చర్చ పెట్టలేదు. పట్నం వైపు తిరిగాక ప్రజాస్వామ్యం గుర్తొచ్చింది.

2026 మార్చి 31 కల్లా దేశంలో మావోయిజం లేకుండా చేస్తామని కేంద్రం తేదీ పెట్టింది. ఆ పేరు మీద తెచ్చిన యంత్రాలను కూడా అదే తేదీకి ఆపేస్తామని ఎవరైనా అన్నారా? అనలేదు.

చట్టం ఏమంటోంది?

ఆదివాసీల మీద నిఘా కొత్త కాదు. తెల్లదొర 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చాడు. దాని కింద కొన్ని తెగల మొత్తాన్నీ పుట్టుకతోనే నేరస్థులన్నాడు. 1885లో టెలిగ్రాఫ్ చట్టం తెచ్చాడు. మొదటిది మనిషి ఎక్కడ పడుకున్నాడో చూసే చట్టం. రెండోది మనిషి ఏం మాట్లాడాడో వినే దారి తెరిచిన చట్టం. మొదటిది 1952లో పోయింది. రెండోది స్వతంత్రం వచ్చాక 75 ఏండ్లు దాటినా నడిచింది.

టెలిగ్రాఫ్ చట్టం సెక్షన్ 5(2) ప్రకారం ఫోన్ వినాలంటే రెండు గడపలు దాటాలి. మొదటిది, ప్రజా అత్యవసర పరిస్థితి అయినా ఉండాలి, ప్రజల భద్రత అవసరమైనా ఉండాలి. రెండోది, దేశ సార్వభౌమత్వం, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, నేరానికి ప్రేరేపించకుండా ఆపడం, ఈ ఐదింటిలో ఒక కారణం ఉండాలి. గమనించండి, మామూలు నేరం దర్యాప్తు చేయడం అన్నది ఆ ఐదింటిలో లేదు. పోలీసుకు పని సులువవుతుందని ఫోన్ వినడానికి ఈ చట్టం ఒప్పుకోదు.

రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగ్ మీద సీబీఐ నివేదిక బయటపడ్డాక పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ 1991లో సుప్రీంకోర్టుకు పోయింది. 1996 డిసెంబర్ 18న తీర్పు వచ్చింది. ఫోన్‌లో మాట్లాడుకోవడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. హోం సెక్రటరీ రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వాలి, రెండు నెలలకే చెల్లాలి, పొడిగించినా ఆరు నెలలు దాటొద్దు, ఒక రివ్యూ కమిటీ చూడాలి అని షరతులు పెట్టింది.

ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. సరిగ్గా ఆరు రోజులకు, 1996 డిసెంబర్ 24న, మన పెసా చట్టం వచ్చింది. ఒకే వారంలో రెండు హక్కులు కాగితం మీదికొచ్చాయి. గ్రామసభ మాట వినాలని ఒకటి, దొంగచాటుగా మాట వినొద్దని ఒకటి. దాదాపు 30 ఏండ్లయింది. గ్రామసభ మాట వినేటోడు లేడు. దొంగచాటుగా వినడం మాత్రం ఆగలేదు.

ఆ తర్వాత 2007లో 419ఏ రూల్ వచ్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిల బెంచి, గోప్యత ప్రాథమిక హక్కేనని ఒక్క గొంతుతో చెప్పింది. హక్కులో చెయ్యి పెట్టాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, అవసరానికి మించి పోకూడదు అంది. ఇంత పెద్ద తీర్పు వచ్చాక చట్టం మారాలి గదా? 2023 డిసెంబర్‌లో కొత్త టెలికం చట్టం తెచ్చారు. పార్లమెంటులో 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండైన సమావేశాల్లో అది పాసయింది. అందులో సెక్షన్ 20(2) చదవండి, పాత 5(2)నే కొత్త చొక్కా తొడుక్కుని కనబడుతుంది. 2024 డిసెంబర్‌లో కొత్త రూల్స్ వచ్చాయి. ఆర్డర్ ఇచ్చేది మళ్లీ ఆఫీసరే, దాన్ని చూసేది మళ్లీ ఆఫీసర్ల కమిటీయే.

ఇంటర్నెట్ మీద పోయే సమాచారానికి ఐటీ చట్టం సెక్షన్ 69 వేరే ఉంది. దానికి ప్రజా అత్యవసరం అన్న గడప కూడా లేదు. ఏ నేరం దర్యాప్తుకైనా సరే అని రాసుకున్నారు. 2018 డిసెంబర్‌లో కేంద్ర హోంశాఖ ఒక్క ఆర్డర్‌తో 10 ఏజెన్సీలకు ఆ అధికారం ఇచ్చింది.

రెండు సెకన్ల రివ్యూ

"రివ్యూ కమిటీ ఉంది గదా, భయమెందుకు" అంటారు. ఆ కమిటీలో ఎవరుంటారు? రాష్ట్రంలో అయితే చీఫ్ సెక్రటరీ, లా సెక్రటరీ, ఇంకో సెక్రటరీ. ఆర్డర్ ఇచ్చేది హోం సెక్రటరీ. అందరూ ఒకే సెక్రటేరియట్. జడ్జి లేడు, బయటి మనిషి లేడు, ఆదివాసీ సంగతి సరే సరి. కోడలు వండితే అత్త రుచి చూసి బాగుందన్నట్టు కూడా కాదు ఇది. వండినామె తోడికోడలే రుచి చూసి బాగుందంటుంది.

ఆ చూడటమైనా ఎట్లుంటదో లెక్క చెప్తా. తెలంగాణ సమస్య మీద కమిటీ వేసినప్పుడు విన్న పేరు జస్టిస్ శ్రీకృష్ణ. ఆయనే తర్వాత డేటా రక్షణ మీద ఇంకో కమిటీకి అధ్యక్షుడై 2018లో నివేదిక ఇచ్చారు. అందులో ఉంది ఈ మాట: కేంద్ర ప్రభుత్వం ఒక్కటే నెలకు 7,500 నుంచి 9,000 దాకా ఇలాంటి ఆర్డర్లు ఇస్తోంది. రెండు నెలలకొకసారి కూర్చునే రివ్యూ కమిటీ ముందుకు ఒక్కో మీటింగ్‌లో 15,000 నుంచి 18,000 ఆర్డర్లు వస్తాయి.

కమిటీ రోజంతా, 8 గంటలు, టీ కూడా తాగకుండా కూర్చుందనుకోండి. 28,800 సెకన్లు. 15,000 ఆర్డర్లు. ఒక్కోదానికి రెండు సెకన్లు కూడా రాదు. మన రేషన్ కార్డు మీద వేలిముద్ర పడటానికి ఇంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

ఇప్పుడు ఇంటి సోదా గుర్తు తెచ్చుకోండి. పోలీసులు ఇంట్లో సోదా చేయాలంటే చట్టం ఏమంటోంది? ఊళ్లోని ఇద్దరు పంచులు సాక్షులుగా ఉండాలి. ఇంటివాళ్లు అక్కడుండి చూడొచ్చు. ఏం దొరికిందో రాసి కాపీ ఇవ్వాలి. కొత్త నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం వీడియో కూడా తీయాలి. ఇవన్నీ మన ఊళ్లలో ఎంత సక్కగా జరుగుతాయో మీకు తెలుసు, నాకు తెలుసు. కానీ జరగనప్పుడు అడగడానికి ఒక కాగితం ఉంది, పంచనామా అనే మాట ఉంది. మట్టిగోడల ఇంటికి ఇచ్చిన ఆ పాటి రక్షణ మనిషి మాటకు లేదు. మొగుడూ పెళ్లాలు మాట్లాడుకున్నది, వకీలుతో మాట్లాడింది, బిడ్డ పెండ్లి గురించి వియ్యంకుడితో మాట్లాడింది, ఆరు నెలలు వినొచ్చు. విన్నాక ఫలానా నెలల్లో నీ ఫోన్ విన్నాం అని ఒక్క ముక్క చెప్పాల్సిన పని లేదు.

అమెరికాలో 1968 నాటి చట్టం ఉంది. నేర దర్యాప్తులో ఫోన్ వినాలంటే జడ్జి ఆర్డర్ కావాలి. వినడం అయిపోయాక మామూలుగా 90 రోజుల్లోపు ఆ మనిషికి నోటీసు ఇవ్వాలి. అక్కడ అంతా ధర్మంగా నడుస్తోందని నేను చెప్పను. కానీ జడ్జి సంతకం అడిగితే దేశం కూలిపోతుందని మనవాళ్లు చెప్పే మాట అబద్ధమని దీంతో తేలుతుంది.

కోర్టులో గెలిచేది ఎవరు?

గెలిచినోళ్లు లేరా అంటే ఉన్నారు. 2019లో బాంబే హైకోర్టు ఒక లంచం కేసులో ట్యాపింగ్ ఆర్డర్లు కొట్టేసి, రికార్డింగులు ధ్వంసం చేయమంది. 2025 జులైలో మద్రాస్ హైకోర్టు కూడా ఒక లంచం కేసులో కేంద్ర హోంశాఖ 2011లో ఇచ్చిన ఆర్డర్‌ను కొట్టేసింది. రహస్యంగా దర్యాప్తు చేసుకోవడం ప్రజా అత్యవసరం కాదు, ప్రజా భద్రతా కాదు అంది. అంతకు కొద్ది రోజుల ముందే ఢిల్లీ హైకోర్టు ఇంకో అవినీతి కేసులో ట్యాపింగ్ సరైనదేనంది. రెండు హైకోర్టులు రెండు దారులు.

నేను చెప్పదలుచుకున్నది ఇంకోటి. అక్కడ కొట్లాడింది ఎవరు? వ్యాపారులు, పెద్ద వకీళ్లను పెట్టుకోగలిగినోళ్లు. వాళ్లకు ట్యాపింగ్ జరిగిందని ఎట్లా తెలిసింది? చార్జిషీటులో ఆ రికార్డింగులు కనబడ్డాయి కాబట్టి. ఫోన్ విని, కేసు పెట్టకుండా, ఆ మాటలతో ఊళ్లో భయం పెట్టి, పోడు మీటింగ్ ఆపేస్తే? చార్జిషీటు లేదు, కాగితం లేదు, కోర్టు లేదు. చట్టంలో ఉన్న రక్షణంతా తెలిసినోడికే. తెలియకుండా చూసుకోవడం చట్టమే నేర్పింది.

కేసు ఉన్నా మనదాకా రావడం ఎంత కష్టమో తాడ్వాయి చూపించింది. 2022 ఆగస్టులో ములుగు జిల్లా తాడ్వాయి స్టేషన్‌లో 152 మంది మీద యూఏపీఏ కేసు పెట్టారు. ప్రొఫెసర్ హరగోపాల్ పేరుంది. రెండేండ్ల ముందే చనిపోయిన ఒక మాజీ జడ్జి పేరు కూడా ఉంది. ఆ సంగతి బయటికి వచ్చింది 2023 జూన్‌లో. ఎఫ్ఐఆర్ అనే కాగితం ఉండి కూడా హైదరాబాద్ ప్రొఫెసర్‌కు తెలియడానికి పది నెలలు పట్టింది. ఇక ఏ కాగితమూ లేని ట్యాపింగ్ గురించి తాడ్వాయి అడవిలో ఉన్నోడికి ఎప్పుడు తెలియాలి?

దీనికి తోడు ఇంకో పిడుగు. అక్రమంగా సంపాదించినా సాక్ష్యం సాక్ష్యమే అన్నది సుప్రీంకోర్టు పాత మాట. మల్కానీ కేసులో అదే చెప్పింది. 2005లో పార్లమెంటు దాడి కేసులోనూ ట్యాపింగ్ రూల్స్ సరిగ్గా పాటించలేదన్నంత మాత్రాన రికార్డింగు చెల్లకుండా పోదంది. అంటే ఏంటి? రూల్ పెడతారు. రూల్ తప్పినా ఫలితం దక్కుతుంది. చెరువులో వల వేయొద్దని దండోరా వేసి, పట్టిన చేపలు మాత్రం నీవే అన్నట్టు. అట్లాంటి దండోరా ఎవరు వింటారు?

ఫాదర్ స్టాన్ స్వామిని మరిచిపోకండి. జార్ఖండ్ ఆదివాసీల కోసం బతికిన మనిషి. 2020 అక్టోబర్‌లో అరెస్టు చేశారు, 2021 జులై 5న 84 ఏండ్ల వయసులో బెయిల్ రాకుండానే కస్టడీలో చనిపోయాడు. ఆయన కంప్యూటర్‌లోకి ఎవరో దొంగచాటుగా దూరి ఫైళ్లు పెట్టారని అమెరికా ఫోరెన్సిక్ సంస్థ ఆర్సెనల్ 2022 డిసెంబర్‌లో నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక వచ్చేసరికి ఆయన లేడు. వినే దారి తెరిచి, తలుపు దగ్గర జడ్జిని నిలబెట్టకపోతే, రేపు ఆ దారిలో వినేటోడే రాడు, పెట్టేటోడు కూడా వస్తాడు.

"తప్పు చేయనోడికి భయమెందుకు?"

ఈ మాట మన చదువుకున్న పిల్లలు కూడా అంటున్నారు. సరే, అడుగుతున్నా. మీ చెల్లి తన కాపురం కష్టాలు అమ్మకు చెప్పుకుంటే అది తప్పా? అది స్టేషన్‌లో ఎవరో హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే మీకు ఏమనిపిస్తది? తప్పు లేని చోటే సిగ్గు ఉంటుంది, ప్రేమ ఉంటుంది, వ్యూహం ఉంటుంది. అటవీ హక్కుల చట్టం కింద క్లెయిమ్ ఎట్లా వేయాలి, గ్రామసభలో గనికి వ్యతిరేకంగా తీర్మానం ఎట్లా చేయాలి, ఇవన్నీ రాజ్యాంగం ఇచ్చిన పనులు. ఎదుటి పక్షం ముందే వినేస్తే ఆ పని సగం చచ్చినట్టే.

"మరి పిల్లల్ని ఎత్తుకుపోయేటోళ్లను, బాంబులు పెట్టేటోళ్లను ఎట్లా పట్టాలి?" న్యాయమైన ప్రశ్నే. మన ఆడపిల్లల్ని మాయమాటలు చెప్పి పట్నాలకు తరలించే ముఠాలున్నాయి. వాళ్ల ఫోన్లు వినాల్సిందే. నేను వద్దనడం లేదు. జడ్జి దగ్గరికి పో, కారణం చెప్పు, సంతకం తీసుకో, విను. నిజంగా నిమిషాల మీద పనైతే ముందు విను, మర్నాడు జడ్జికి చెప్పు. నిజమైన కారణం ఉన్న పోలీసుకు ఇందులో కష్టమేంది? కారణం లేనోడికే కష్టం.

దేశ భద్రత అనగానే కోర్టులు నోరు మూసుకోవాలా? పెగాసస్ కేసులో 2021 అక్టోబర్‌లో మన తెలుగు బిడ్డ ఎన్.వి. రమణ చీఫ్ జస్టిస్‌గా ఉన్న బెంచే చెప్పింది, దేశ భద్రత అన్న మాట ఎత్తినంత మాత్రాన ప్రతిసారీ ప్రభుత్వాన్ని వదిలేయలేమని. కమిటీ వేసింది. 29 ఫోన్లు చూశారు, ఐదింటిలో ఏదో మాల్‌వేర్ ఉందన్నారు, అది పెగాససే అని తేల్చలేకపోయారు. ప్రభుత్వం సహకరించలేదని కమిటీ చెప్పిందని 2022 ఆగస్టులో కోర్టే అంది. సుప్రీంకోర్టు వేసిన కమిటీకే జవాబు చెప్పనోళ్లు గ్రామసభకు చెప్తారా?

మనం అడగాల్సింది

ఒకటి. ఏ ఫోన్ వినాలన్నా జడ్జి ఆర్డర్ ఉండాలి.

రెండు. విన్నాక, దర్యాప్తు దెబ్బతినని సమయం చూసి, ఆ మనిషికి తన భాషలో నోటీసు ఇవ్వాలి. కోయ, గోండి మాట్లాడేటోళ్లకు ఇంగ్లీషు కాగితం పంపితే నోటీసు కాదు.

మూడు. రూల్ తప్పి విన్నది కోర్టులో చెల్లొద్దు.

నాలుగు. ఏటా ఏ జిల్లాలో ఎన్ని ఆర్డర్లు ఇచ్చారో, ఎన్ని కొట్టేశారో లెక్క బయటపెట్టాలి. పేర్లు వద్దు, లెక్క చాలు. ఏజెన్సీ జిల్లాల లెక్క విడిగా చెప్పాలి.

ఐదు. రివ్యూ కమిటీలో ప్రభుత్వం జీతం తీసుకోనోళ్లు ఉండాలి.

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మన వాళ్ల మీద కేసు పడి, అందులో ఫోన్ రికార్డింగులుంటే మొదటి రోజే వకీలుతో ట్యాపింగ్ ఆర్డర్ కాపీ అడిగించండి. యూఏపీఏ కేసైతే సెక్షన్ 46 ప్రకారం విచారణకు కనీసం 10 రోజుల ముందు ఆ కాపీ నిందితుడికి ఇవ్వాలి. గడువు సడలించే అధికారం జడ్జికి ఉంది కాబట్టి ముందే అడగాలి. వకీలుకు పైసలు లేవని వదిలేయొద్దు. 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం షెడ్యూల్డ్ తెగల వాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు వస్తాడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక్క దరఖాస్తు రాస్తే చాలు. ఎన్ని ఆర్డర్లు ఇచ్చారన్న లెక్క కోసం హోంశాఖకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఇంటెలిజెన్స్ విభాగాలకు ఆ చట్టం వర్తించదంటారు. మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణ ఉంటే ఆ మినహాయింపు చెల్లదని సెక్షన్ 24లోనే ఉంది, ఆ ముక్క రాసి పంపండి. ఇవ్వకపోతే ఇవ్వలేదన్న కాగితమైనా మన చేతిలో ఉంటుంది. కాగితం లేకపోవడమే గదా మన రోగం.

చివరిగా, మా ఊరి ఆ నలుగురి సంగతి. మొన్న వాళ్లను ఒకచోట కూర్చోబెట్టాం. "నువ్వే చెప్పినవు" అని ఒకర్నొకరు అనుకోవడం ఆపమన్నాం. ఎవరు చెప్పారో తెలియకుండా చేసిన చట్టాన్ని అడుగుదాం, మనలో మనం కొట్లాడుకోవద్దు అన్నాం. వచ్చే ఆదివారం మీటింగ్ మళ్లీ పెడుతున్నారు. ఈసారి ఫోన్లో చెప్పి మరీ పిలుస్తున్నారు. వినేటోళ్లు వినొచ్చు. పోడు పట్టా అడగడం నేరం కాదు.

జల్, జంగల్, జమీన్ మనవి. మన మాట కూడా మనదే.

జై ఆదివాసీ!